తేనెబోడు మీద తోడికోడళ్లు

రామతులసి అక్క నాకు పరిచయమైంది మాచర్ల బస్సులో, అదీ సీటు కోసం పోట్లాడి. నరసరావుపేట బస్టాండులో కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకున్నాను. తోసుకుని లోపలికెక్కి చూస్తే, ఆ రుమాలును చక్కగా మడిచి ఒళ్లో పెట్టుకుని ఒకావిడ దర్జాగా కూర్చుని ఉంది. ఇది నా సీటు అన్నాను. "రుమాలుకు టిక్కెట్టు కొడతారా అమ్మా?" అంది. నేనేమన్నా ఊరుకునేదాన్నా? బజార్లో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతాను, పొద్దస్తమానం బేరాలాడి ఆడి నాలుక పదునెక్కింది. పిడుగురాళ్ల దాకా ఇద్దరం తగాదా పడుతూనే ఉన్నాం. దాచేపల్లి దగ్గర ఆవిడ సంచిలోంచి జంతికలు తీసి నా చేతిలో పెట్టింది. గురజాలలో దిగేటప్పుడు నా నంబరు తీసుకునే దిగింది.

ఆమెది గురజాల దగ్గర ఒక పల్లె. మిరప, పత్తి పండించే కుటుంబం. వయసు యాభై దాటింది. పోయినసారి పంచాయతీ ఎన్నికల్లో వాళ్ల ఊరు ఆడవాళ్లకు రిజర్వు అయితే భర్త సుబ్బారావు గారు ఈమెను నిలబెట్టారు. ఈమె గెలిచింది. కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టేసే రకం అనుకున్నారు పాపం. మొదటి వారమే కాగితాలు వెనక్కి తోసి, "చదవకుండా నేనెట్టా పెడతా? రేపు జైలుకు పోవాల్సొస్తే నువ్వు పోతావా?" అని మొగుణ్ణే నిలదీసిందట. నాకు నచ్చింది అదే. ఒకసారి ఒకమాట అనుకుందంటే ఇక ఆమెను కదిలించడం ఎవరితరమూ కాదు. ఆ గుణం ఎంతదూరం పోతుందో అప్పటికి నాకు తెలియదు.

నడక పిచ్చి ఆమెకు షుగరు వచ్చాక పట్టుకుంది. డాక్టరు రోజూ నడవమన్నాడు. చేలగట్ల మీద నడిచి నడిచి విసుగుపుట్టి ఒకరోజు ఊరి వెనకున్న గుట్ట ఎక్కిందట. పైకిపోయి నిలబడితే, ఊళ్లో ఏ ఒక్కడి గొంతూ వినపడలేదట. "బిందూ, సర్పంచి అయినాక నేను మొదటిసారి ఊపిరి పీల్చుకుంది ఆడే" అని చెప్పింది నాకు. అప్పట్నుంచీ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కాళ్లకు బూట్లు తొడిగి, ఎక్కడ కొండ కనపడితే అక్కడ ఎక్కడమే. కోటప్పకొండకు పోతే బస్సెక్కదు, మెట్లదారే.

మా వీధిలో సాయి ప్రియ అని బ్యాంకులో పనిచేసే పిల్ల ఉంది. దానికీ ఇదే పిచ్చి. తాడు, విజిలు, మందుల డబ్బా అన్నీ సంచిలో వేసుకుని తిరుగుతుంది. మొన్న జనవరిలో ఒక శని ఆదివారాలు పెట్టుకుని, శనివారం ఎత్తిపోతల చూసి మాచర్ల లాడ్జిలో పడుకుని, ఆదివారం పొద్దున్నే తేనెబోడు ఎక్కుదామంది. తేనెబోడంటే మాచర్ల అవతల, అడవిశాఖ హద్దురాళ్లకు ఇవతలే ఉన్న కొండ. నేను రామతులసి అక్కను పిలిచాను. సాయి ప్రియ, తనకు వినుకొండ కొండ ఎక్కేటప్పుడు పరిచయమైన రేవతి ఆంటీని పిలిచింది. రేవతి గారికి నలభై అయిదు ఉంటాయి, సన్నగా, పొందికగా మాట్లాడే మనిషి. వినుకొండలో కూతురింట్లో ఉండి వచ్చింది కాబట్టి ఆమెది వినుకొండే అనుకున్నాం. అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

డ్రైవరు సుభానీ వ్యాన్‌లో నరసరావుపేట నుంచి ముగ్గురం బయలుదేరాం. గురజాల సెంటర్లో రామతులసి అక్క ఎదురుచూస్తూ ఉంది. నేను తలుపు జరిపాను. నవ్వుతూ ఒక కాలు మెట్టు మీద పెట్టిన మనిషి అలాగే ఆగిపోయింది. మొహంలో నవ్వు పోయింది. లోపల రేవతి గారు కిటికీ వైపు తల తిప్పుకుంది. మెడ మీద నరం పైకి తేలింది.

"ఏందక్కా, ఏమన్నా మర్చిపోయావా?" అన్నాను.

"ఏం లేదు" అంటూ ఎక్కి, వెనక సీటు చివర కూర్చుంది. సాయి ప్రియ ఇద్దరినీ ఒకరికొకరిని పరిచయం చేసింది. ఇద్దరూ సాయి ప్రియ వైపే చూసి తలూపారు.

ఎత్తిపోతల దగ్గర నీళ్లహోరులో కూడా ఆ బిగింపు నాకు తెలుస్తూనే ఉంది. నలుగురం కలిసి ఫోటో దిగుదామంటే ఒకరు ఈ చివరికీ ఒకరు ఆ చివరికీ పోయారు. రేవతి గారు నాతో, "కాస్త జరుగుతారేమో అడగండి వాళ్లను" అంది. వాళ్లెవరు? ఆ చివరనున్న రామతులసి అక్క. మాచర్ల మెస్సులో భోజనం దగ్గర ఇంకా ఘోరం. "బిందూ, ఆ గోంగూర గిన్నె ఇటు జరపమని చెప్పు." "హిమబిందు గారూ, గిన్నెలో ఏమీ లేదని చెప్పండి." చేయి చాపితే అందే దూరంలో ఒకరికొకరు కూర్చుని, మధ్యలో నేను తపాలా బంట్రోతును. సాయి ప్రియ ఇదేదో ఆట అనుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

చేతులు కడుక్కునే దగ్గర అక్కను పట్టుకున్నాను. "ఏంది సంగతి?"

"మా తోడికోడలు. మా ఆయన తమ్ముడి భార్య" అంది నీళ్లు విదిలించుకుంటూ. "మాటల్లేవు."

మా పల్నాడులో ఈ "మాటల్లేవు" అనేది ఒక పెద్ద చట్టం. మాటల్లేని మనుషులు ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకరి చేతి మంచినీళ్లు ఒకరు తాగరు. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సివస్తే మూడో మనిషితో చెప్పిస్తారు. మూడో మనిషి లేకపోతే గోడకో, గేదెకో, గాలికో చెప్పినట్టు చెబుతారు. అవతలివాళ్లు విన్నా విననట్టే ఉండాలి. విన్నట్టు తేలితే వాళ్లు తగ్గినట్టు. వ్యాన్ దిగి వెనక్కి పోవచ్చుగా అని అడిగితే అక్క నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "నేనెందుకు దిగాలి? ఆమె దిగొచ్చుగా." అవతల రేవతి గారిని అడిగితే ఆమె కూడా సరిగ్గా అదే మాట అంది.

అక్క గెలిచిన ఆ పంచాయతీ ఎన్నికల్లో అన్నదమ్ములు చెరో పార్టీలో ఉన్నారు. ఎవరి పెళ్లాన్ని వాళ్లు నిలబెట్టారు. గెలిచింది పెద్దకోడలు, ఓడింది చిన్నకోడలు. ఏడాది తిరక్కముందే అన్నదమ్ములిద్దరూ ఒకే టీకొట్టు దగ్గర కూర్చున్నారు, ఒకే బోరు నీళ్లు పంచుకున్నారు. మాటలు ఆగిపోయింది ఆడవాళ్ల మధ్యే. దానికి కారణం ఓటు కాదు. అది నాకు సాయంత్రం లాడ్జిలో తెలిసింది.

రేవతి గారు ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతోంది. అమ్మకు చెవులు సరిగ్గా వినపడవట, అందుకని గట్టిగా అరుస్తోంది. "అన్నం తిన్నావా? మాత్ర ఏసుకున్నావా? రేపు మాపటికల్లా వస్తా!" గదికి ఆ మూల చీర మడతపెడుతున్న రామతులసి అక్క చేతులు ఆగిపోయాయి. వీపు మావైపే ఉంది. ఫోను పెట్టేసేదాకా ఆ మడత అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత చెప్పులేసుకుని బయటికి పోయింది.

"మా అమ్మ రామాయమ్మ నా దగ్గరే ఉంటది" అంది రేవతి గారు నాతో. "అన్నదమ్ములు లేరు నాకు. ఆమెకు" అని తలుపు వైపు చూపించి, "రెండు కాన్పులూ మా అమ్మే చేసింది. ఆమెకు తల్లి లేదుగా. కన్నకూతురి మాదిరి చూసుకుంది. గెలిచిన పొద్దు ఊరేగింపు మా ఇంటి ముందుకొచ్చింది. అమ్మకు జొరం, మంచంలో ఉంది. డప్పులు ఆపమని కబురు పంపా. ఆపలేదు. ట్రాక్టరు సరిగ్గా మా గడప ముందు నిలబెట్టి కొట్టించారు. పైన దండలేసుకుని నిలబడి ఉంది ఆమె. నా వైపు చూసింది కూడా. నేను ఓడిపోయినందుకు ఏడవలేదండీ. మా అమ్మ మంచం మీద ఆ డప్పులకు అదిరిపోతా ఉంటే ఏడ్చా."

 అక్కమీద మొదటిసారి కోపం వచ్చింది. పొద్దున్నే ఇద్దరిలో ఒకరిని ఇంటికి పంపించేద్దామని సాయి ప్రియతో అన్నాను. "కొండెక్కితే వాళ్లే కలుస్తారు ఆంటీ" అంది ఆ పిల్ల.

ఆదివారం తెల్లవారీ తెల్లవారకముందే సుభానీ మమ్మల్ని కొండ కింద దింపి, వ్యాన్‌లోనే నడుం వాల్చాడు. ముందు సాయి ప్రియ, తర్వాత రేవతి గారు, తర్వాత రామతులసి అక్క, చివర ఆయాసపడుతూ నేను. మొదట్లో దారి బాగానే ఉంది. చండ్ర చెట్లు, ఎండిన బోదగడ్డి, మేకలు నడిచిన బాట. ఎండ పొడిచేసరికి సగం పైకి చేరాం. అక్కడ బాట కొండ చరియను ఆనుకుని పోతుంది. కుడిపక్క నిట్టనిలువు బండ, ఎడంపక్క లోయ. మధ్యలో ఒక మనిషి నడవగలిగినంత జాగా.

సాయి ప్రియ లేడిపిల్లలా దాటిపోయి మలుపు తిరిగింది. ఆ పిల్ల కాలుపెట్టినప్పుడు బాటమీదున్న ఒక నల్లటి పలకరాయి కిర్రుమంది. రామతులసి అక్క అది చూసింది. నేనూ చూశాను, కానీ బాగా వెనకున్నాను. రేవతి గారు ఆ రాయికి దగ్గరగా పోతోంది. అక్క నావైపు తిరిగింది. నేను అందేంత దగ్గరలో లేను, ఎదురుగాలి నా చెవుల్లో హోరుమంటోంది. ఇక ఆమె బండవైపు తిరిగి, బండతో చెప్పినట్టు గట్టిగా అంది.

"కొంతమంది కళ్లు నెత్తిన పెట్టుకుని నడుస్తారు. ఆ నల్లరాయి ఊగులాడతంది మరి. చూసుకునేవాళ్లు చూసుకుంటారు."

రేవతి గారు ఆగింది. విన్నది. ఆమె పక్కనున్న పొదతో చెప్పింది జవాబు.

"కొండమీద గూడా సర్పంచిగిరీనే కొంతమందికి."

చెప్పి, కావాలనే, ఆ నల్లరాయి మీదే కాలు పెట్టింది.

రాయి తిరగబడింది. నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. రాళ్లు జారిన చప్పుడు, దుమ్ము, ఆ దుమ్ములోంచి రేవతి గారి కేక. బాటలో అంతమేర ఊడిపోయి లోయలోకి పోయింది. నేను పాక్కుంటూ అంచు దాకా పోయి తొంగి చూశాను. రెండు నిలువుల కింద ఒక బలుసు పొద ఉంది. దాని మొదట్లో చేటంత మట్టి గట్టు. రేవతి గారు ఒక చేత్తో ఆ పొదను పట్టుకుని, ఒక మోకాలు గట్టుమీద ఆనించి వేలాడుతోంది. ఇంకో కాలు వంకరగా తిరిగిపోయి ఉంది. దాని కింద చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

సాయి ప్రియ మలుపు అవతలనుంచి పరిగెత్తుకొచ్చింది. బాట తెగిపోవడంతో అటే ఆగిపోయింది. ఆ పిల్ల గబగబా సంచిలోంచి తాడు తీసి, చుట్టగా మావైపు విసిరింది. అది బండకు కొట్టుకుని మా కళ్లముందే లోయలోకి పోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. "కిందకి పోయి ఎవరినన్నా పిలుచుకురా! పో!" అని అరిచాను. విజిలు ఊదుకుంటూ అవతలి దారిన పరిగెత్తింది. ఆ విజిలు శబ్దం దూరమైపోయి, ఆఖరికి వినపడకుండా పోయింది.

పక్కకు చూస్తే రామతులసి అక్క చీర ఊడదీస్తోంది. కుచ్చిళ్లు లాగేసి, ఒక కొసను బాట పక్కనున్న చండ్రచెట్టు మొదలుకు రెండు చుట్లు చుట్టి ముడేసింది. లంగా, జాకెట్టుతో నేలమీద బోర్లా పడుకుని, రెండో కొసను కిందకు వదిలింది. నేను ఆమె కాళ్లమీద కూర్చుని గట్టిగా పట్టుకున్నాను. చీర కొస రేవతి గారి భుజాన్ని తాకింది.

ఆమె పట్టుకోలేదు.

"బిందూ" అంది అక్క. నాకు వీపు మాత్రమే కనపడుతోంది. "నడుంకు చుట్టుకోమని చెప్పు."

"రేవతి గారూ, నడుంకు చుట్టుకోండి!" అని అరిచాను.

"ఆమె కోక నాకక్కర్లేదని చెప్పండి" అని వినిపించింది కిందనుంచి, ఏడుస్తూ, పళ్లు బిగబట్టి.

"మొండితనానికి ఇది జాగా కాదని చెప్పు."

"మొండితనం ఎవరిదో ఊరంతటికీ తెలుసని చెప్పండి."

మట్టి గట్టులో ఒక పెళ్ల విరిగింది. కిందకు పోయి ఎక్కడో తగిలిన శబ్దం చాలాసేపటికి గాని రాలేదు. రేవతి గారి మోకాలు జారి, మళ్లీ ఎలాగో నిలిచింది. బలుసు పొద వేళ్లు సగం బయటికొచ్చి తెల్లగా కనపడుతున్నాయి. అక్క ఇంకా నాతోనే మాట్లాడుతోంది. "బిందూ, ఎడంచేత్తో పొదను వదలొద్దని చెప్పు, కుడిచేత్తో..."

నాకు భయమంతా కోపమైపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరిమీదా అంత కోపం రాలేదు నాకు.

"నేను చెప్పను!" అని అరిచాను. "చెప్పనంటే చెప్పను. మీ ఇద్దరికీ నేనేం బంట్రోతును కాదు. చచ్చేదగ్గర కూడా మధ్యలో మనిషి కావాలా మీకు? చెప్పుకుంటే మీరే చెప్పుకోండి. లేదా ఆమెను అట్టాగే పోనీయండి. నేను నోరు తెరవను."

నోరు మూసుకున్నాను. అక్క కాళ్లు మాత్రం వదల్లేదు.  ఆ కాసేపూ నా జన్మలో నేను పడ్డ నరకం. నేను చేసింది తప్పేమో, నా పంతంవల్ల ఆమె పోతుందేమో, మళ్లీ నేనే అరుద్దామా అని నోటిదాకా వచ్చింది. 

"ఏమే" అంది రామతులసి అక్క.

గొంతు బొంగురుపోయింది. మళ్లీ అంది. "ఏమే రేవతీ. పైకి చూడు. నా మొహం చూడు."

 కిందనుంచి ఒక ఏడుపు వచ్చింది. చిన్నపిల్లలు ఏడ్చే ఏడుపు అది, అదుపు లేకుండా, వెక్కుతూ.

"ఆ పొద్దు డప్పులు ఎందుకాపలేదక్కా?" అంది. "ఎందుకాపలేదు? అమ్మకు జొరమని కబురు పంపాగా నేను."

"జొరమని నాకెవురూ చెప్పలేదే."

"ట్రాక్టరు ముందున్న మనిషికి చెప్పా. అక్కకు చెప్పమని చెప్పా."

"నాకు చేరింది ఆ మాట కాదు. డప్పులు ఆపకపోతే రాళ్లేయిస్తానన్నావని చెప్పారు నాకు."  అక్క వీపు ఒకసారి పైకి లేచి పడింది. "అందుకే బండి ఆపించా. కావాలనే ఇంకాసేపు కొట్టించా. నిన్ను ఏడిపించాలనే కొట్టించా. నాదే తప్పు. పైకొచ్చి నన్ను చెప్పుతో కొట్టు. ముందు ఆ కోక పట్టుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా."

"రాళ్లా?" అంది రేవతి గారు. "నేనా? నీ మీదా?"

"కోక పట్టుకోవే!"

ఆమె పట్టుకుంది. అక్క చెప్పినట్టే కుడిచేత్తో నడుం చుట్టూ తిప్పి, పళ్లతో లాగి ముడేసుకుంది. ముడి బిగిసిందో లేదో, గట్టు పూర్తిగా విరిగిపోయింది. చీర ఒక్కసారిగా బిగదీసుకుని కిర్రుమంది. చండ్రచెట్టు ఊగింది. అక్క రెండు చేతులతో చీర పట్టుకుంది, నేను అక్కను వదిలి చీర పట్టుకున్నాను. ఎంతసేపు లాగామో నాకు తెలియదు. ముందు బండ అంచున ఒక చేయి కనపడింది. రామతులసి అక్క ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి పడింది. రేవతి గారు వచ్చి ఆమె మీద పడింది.

ఇద్దరూ లేవలేదు. అలాగే పడుకుని ఒకరినొకరు వీపుమీద బాదుకుంటూ ఏడ్చారు. తిట్టుకున్నారు కూడా. ఆ తిట్లు నేనిక్కడ రాయలేను. నేను ఇవతల కూర్చుని నా చున్నీతో మొహం తుడుచుకుని, అదే చున్నీ తీసి అక్క మీద కప్పాను.

సాయి ప్రియ ఇద్దరు మేకలకాపరుల్ని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లు రేవతి గారిని చేతుల మీద దించారు. మాచర్లలో డాక్టరు మడమ దగ్గర ఎముక చిట్లిందని చెప్పి కట్టు వేశాడు. దారి పొడుగునా వ్యాన్‌లో ఆ ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకున్నారు. పిల్లల పెళ్లిళ్లు, పోయిన గేదె, మారిన కోడళ్ల బుద్ధులు, అన్నీ. మధ్యలో నేను ఏదో అనబోతే, "నువ్వుండు బిందూ" అన్నారు ఇద్దరూ. ఆ కబురు ఎవరి నోట్లో మారిందో ఎంత తవ్వినా తేల్లేదు. రామాయమ్మ గారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్క మాట తడబడింది. "పిన్నమ్మకు నా మొహం ఎట్టా చూపించను?" అని ఊరు వచ్చేదాకా అడుగుతూనే ఉంది.

సుభానీ ముందు ఎవరింటికి పోనీయాలని అడిగాడు. రేవతి గారింటికే పోనీయమంది అక్క. పాలకేంద్రం దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. మళ్లీ ఎన్నికలొస్తున్న రోజులు. పెద్దకోడలు చిన్నకోడల్ని భుజానికెత్తుకుని గడప దాటించడం చూసి, వీధివీధంతా వెనకే వచ్చింది.

పంచలో మంచం మీద రామాయమ్మ గారు కూర్చుని ఉంది. బాగా పెద్దావిడ. రేవతిని, కాలికట్టును చూసి గాభరాపడింది. తర్వాత కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కనున్న మనిషిని చూసింది.

"ఎవురే అది? తులసా? యాడికి పొయ్యావే ఇన్నాళ్లు? ఎలక్షన్లో గెలిస్తే మటుకు ముసలిదాన్ని చూడకూడదా?"

రామతులసి అక్క నేలమీద కూలబడి ఆమె మోకాళ్లు పట్టుకుంది. ఏదో చెప్పింది. ముసలావిడకు వినపడలేదు. "ఏందే? గట్టిగా చెప్పు" అంది. గుమ్మం బయట ఊరంతా ఉంది. అక్క ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత ఎలుగెత్తి అరిచింది.

"ఆ పొద్దు డప్పులు కొట్టించింది నేనే పిన్నమ్మా! నువ్వు జొరంతో ఉంటే నీ గడప ముందు కావాలనే కొట్టించా! నన్ను క్షమించు!"

 రామాయమ్మ గారు ముందుకు వంగింది.

"డప్పులా?" అంది. మొహం విప్పారింది. "నువ్వు కొట్టించినయ్యా అయి? చానా బాగా కొట్టారే. చెవులు పొయినాక నాకు సుబ్బరంగా ఇనపడ్డది ఆ ఒక్క పొద్దే. ఈ మంచం కోడు మీద దరువు ఏసుకుంటా ఇన్నా. జొరం గిరం ఏం తెలవలా నాకు."

రేవతి గారు గోడకు ఆనుకుని వాళ్లమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. అయిదేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ డప్పుల మాట ఆమె ఒక్కసారి కూడా అమ్మను అడగలేదు. రామతులసి అక్క తల ఎత్తలేదు.

ముసలావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇంకాసేపు కొట్టినా బాగుండేది" అంది. "ఎందుకాపించావే?"